ఫుల్‌స్టాపులు కూడా చదివే మనిషి

ఆమె పోయినందుకు ఇద్దరు నాయకులు సంతాపం ప్రకటించారు. ఒకాయనది పాలకపక్షం, ఇంకొకాయనది ప్రతిపక్షం. రెండు ప్రకటనలూ పది నిమిషాల తేడాలో నా ఫోన్‌కి వచ్చాయి. రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే మాట: ‘ఎవరి మనసూ నొప్పించకుండా, అందరికీ అనుకూలంగా మెలిగిన సౌమ్యురాలు’. చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె ఆ ఇద్దరి మనసులూ నొప్పించింది. ఒకే వారంలో, ఒకే కుర్చీలో కూర్చుని, నా కళ్ళముందే నొప్పించింది. వాళ్ళు మర్చిపోయి ఉండరు. మర్చిపోనందుకే ఆ మాట రాయించి ఉంటారు.

ఆమె పుట్టుపూర్వోత్తరాలు నాకు సరిగ్గా తెలియవు. కాకుమాను దగ్గర పల్లె అని, లూథరన్ కుటుంబమని, తండ్రి తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడని మాత్రం తెలుసు. నేను ఎరిగేనాటికే ఆమెకి యాభై దాటాయి. మెడికల్ షాపుకీ టైలర్ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆమె డీటీపీ సెంటరు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. మూడింట్లో ఒకదాని కాలు విరిగి ఉండేది. నాయకులు వస్తే ఆ కుర్చీయే వేసేది. ‘ఎందుకక్కా, బాగున్నది వెయ్యొచ్చుగా’ అంటే, ‘హాయిగా కూర్చుంటే పొగడ్తలు పెరుగుతాయి తమ్ముడూ’ అనేది.

పొడుగ్గా, నల్లగా ఉండేది. కళ్ళజోడు మెడలో దారానికి వేలాడేది. బల్ల మీద స్టీలు డబ్బాలో జీడిపప్పు బద్దలు ఎప్పుడూ ఉండేవి. వేటపాలెంలో జీడిపప్పు బట్టీలో పనిచేసే వాళ్ళ మరదలు పంపేది. టైలరుకీ, ప్రశ్నపత్రాలు టైపు చేయించుకోవడానికి వచ్చే టీచర్లకీ, పెళ్ళికార్డు కోసం వచ్చిన తండ్రులకీ పిడికెడేసి పెట్టేది. నాయకులు వస్తే డబ్బా సొరుగులోకి వెళ్ళిపోయేది. పిసినారితనం కాదు. ఆమె లెక్కలు ఆమెవి.

తెనాలి చుట్టుపక్కల అన్ని పార్టీలవాళ్ళ ప్రెస్ నోట్లూ ఆమె దగ్గరే తయారయ్యేవి. పొద్దున ఒక పార్టీవాళ్ళు తిట్టి వెళ్తే మధ్యాహ్నం రెండో పార్టీవాళ్ళు అదే కుర్చీలో కూర్చుని ఆ తిట్టుకి జవాబు రాయించుకునేవాళ్ళు. ఒకరి మాట ఇంకొకరికి చేరేసేది కాదు. తనంతట తాను ఒక్క అక్షరం మార్చేది కాదు. ‘కాగితం మీదున్నది మీ పాపం, అచ్చుతప్పు నా పాపం’ అనేది. అందుకే అందరూ ఆమెని నమ్మారు.

అయితే ఒక పద్ధతి ఉండేది. అచ్చు తీసేముందు రాసినదంతా, రాయించినవాడి ఎదుటే, గట్టిగా చదివేది. పాత రోజుల్లో ప్రూఫు దిద్దాలంటే ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, ఇంకొకరు అచ్చుకాగితం మీద చూసుకుంటూ పోవాలి. కామా వస్తే కామా అనాలి, ఫుల్‌స్టాప్ వస్తే ఫుల్‌స్టాప్ అనాలి. చిన్నప్పుడు బడి నుంచి ప్రెస్సుకి వెళ్ళి తండ్రికి అలా చదివిపెట్టేదట. ఆ అలవాటు పోలేదు. ఆదివారం గుడిలో వాక్యం చదివే గొంతు ఆమెది. ఆ గొంతుతో చదివితే ఎంత పెద్ద అబద్ధమైనా బట్టల్లేకుండా నిలబడిపోయేది.

ఒక నాయకుడి పుట్టినరోజు కరపత్రం నాకింకా గుర్తు. ‘పేదల పెన్నిధి, కామా. బడుగుల ఆశాజ్యోతి, కామా. అపర భగీరథుడు, కామా. అభినవ కర్ణుడు, కామా’ అని చదువుకుంటూ పోతోంది. ముఖంలో నవ్వు లేదు, వెటకారం లేదు. ఏడో కామా దగ్గర ఆయనే చెయ్యి ఎత్తాడు. ‘చాలమ్మా, ఒక నాలుగు తీసేయండి’ అన్నాడు. ‘ఏ నాలుగు సార్?’ అని పెన్సిలు పట్టుకుని అడిగింది. ఆయన తేల్చుకోలేక కర్ణుణ్ణీ భగీరథుణ్ణీ కూడా పంపించేశాడు.

నేను అప్పట్లో ఒక దినపత్రికకి తెనాలి విలేకరిని. వార్తలు టైపు చేసుకోవడానికి ఆమె షాపుకే వెళ్ళేవాణ్ణి. రాజకీయం నేను చదువుకున్న చోటు అదే. ‘నాయకుడు ఏం మాట్లాడాడో అందరూ రాస్తారు తమ్ముడూ. ఏ మాట కొట్టేసి ఏ మాట పెట్టాడో చూడు. మనిషి అక్కడ దొరుకుతాడు’ అనేది. నేను బాగానే నేర్చుకున్నాననుకున్నాను. ఏ ఖండన వెనక ఏ వార్డు ఉందో, ఏ సానుభూతి వెనక ఏ కులసంఘం ఉందో వేళ్ళమీద చెప్పగలిగేవాణ్ణి. ఆ గర్వం ఎలా దిగిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

బాపట్ల వైపు ఒక కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న టాంజానియా కుర్రాడు ఒకడు, ఆదివారం నాడు క్లాస్‌మేట్ పిలిస్తే రేపల్లెలో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాడు. తిరుగు బస్సు కోసం బస్టాండులో నిలబడ్డాడు. అక్కడ చేపలమ్మే ముసలావిడ మనవరాలు, మూడేళ్ళ పిల్ల, వెనక్కి వస్తున్న బస్సు చక్రాల కిందికి పరిగెత్తింది. ఈ కుర్రాడు ఒక్క ఉదుటున పిల్లని ఎత్తుకుని పక్కకి లాగేశాడు. పిల్ల తాలూకు మనుషులు ఎవరా అని చుట్టూ చూస్తున్నాడు. అప్పుడు ఫోన్లనిండా పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని మెసేజీలు. పొడుగాటి నల్లటి మనిషి, చేతుల్లో గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్ల. ఎవడో కేక వేశాడు. ఐదుగురు మీదపడ్డారు. చేపలావిడ బుట్ట వదిలేసి వచ్చి అతని మీద అడ్డంగా పడేసరికే ఆ కుర్రాడి చెయ్యి విరిగింది.

ఆ ఐదుగురిలో ఒకడు మా బావమరిది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. బస్టాండు ఎదురుగా వాడికి సెల్‌ఫోన్ల షాపు ఉంది. నాకు వార్త చెప్పింది కూడా వాడే. ‘బావా, పిల్లని ఎత్తుకుపోతున్న నల్లోణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాం. ఫొటో పంపిస్తున్నా, బాగా వేయించు’ అన్నాడు.

నేను రేపల్లె వెళ్ళలేదు. మరెవరినీ అడగలేదు. ‘తగిలించాం’ అన్నదాన్ని ‘దేహశుద్ధి చేశారు’ అని మార్చాను. బావమరిది పేరు బయటికి రాకుండా ‘చిన్నారిని ఎత్తుకెళ్ళేందుకు ప్రయత్నించినట్లు స్థానికులు తెలిపారు’ అని రాసి, ఇంట్లో కూర్చునే ఫోన్లోంచి పంపించాను. అది అబద్ధమని నాకు అప్పుడు తెలీదు. నిజమని కూడా తెలీదు.

సోమవారం పేపర్లో వచ్చింది. ఆ రోజు ఆమె షాపు తెరవలేదు. ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నాను. మంగళవారం వెళ్తే, ‘నిన్న పాసింజరెక్కి రేపల్లె పోయొచ్చాను’ అంది. చేపలావిడనీ, భోజనానికి పిలిచిన క్లాస్‌మేట్ తల్లినీ కలిసింది. జరిగిందంతా నాకు చెప్పింది. చేపలావిడ నిజం చెప్పబోతే, నీకెందుకు ఈ గొడవలని ఊళ్ళో పెద్దమనుషులు ఆవిడ నోరు మూయించారట. పైగా కొట్టినవాళ్ళ తాలూకు వాళ్ళు ఆ కుర్రాడి మీదే కిడ్నాప్ కేసు పెట్టించాలని తిరుగుతున్నారట. కేసు పడితే పాస్‌పోర్టు పోతుంది, పరీక్షలు పోతాయి, మిగిలేది జైలు.

అంతా చెప్పి, ‘నీ వార్తలో స్థానికులు ఎవరు తమ్ముడూ?’ అని అడిగింది.

‘ఒకరని కాదక్కా. అక్కడ అందరూ అనుకుంటున్నారు.’

‘అందర్లోంచి ఒక్క పేరు చెప్పు.’

నాకు ఉన్నట్టుండి మున్సిపల్ ఆఫీసులో పని గుర్తొచ్చింది. లేవబోతుండగా ప్రతిపక్షం ఆయన కారు షాపు ముందు ఆగింది. ఆగిపోయాను.

ఆయన మంచి ఊపు మీద ఉన్నాడు. ప్రకటన తానే రాసుకొచ్చాడు. ఆమె టైపు చేసి, కళ్ళజోడు సర్దుకుని చదివింది. ‘నల్లజాతి క్రైస్తవ సోదరునిపై జాత్యహంకార దాడి, కామా, సభ్యసమాజం తలదించుకోవాల్సిన ఘాతుకం, ఫుల్‌స్టాప్. దోషులను కఠినంగా శిక్షించాలి, ఫుల్‌స్టాప్.’

చదివి ఆగింది. ‘ఆ అబ్బాయి క్రైస్తవుడని ఎవరు చెప్పారు సార్?’

‘ఆఫ్రికావాళ్ళంటే క్రైస్తవులే కదమ్మా. మీకు తెలియనిదేముంది, మీరూ మనవాళ్ళే.’

‘నేను లూథరన్ని సార్. ఆ అబ్బాయి ముసల్మాను. శుక్రవారం నమాజుకి వెళ్తాడట. వాళ్ళ స్నేహితుడి తల్లి చెప్పింది.’

ఆయన కాగితం తీసుకున్నాడు. ‘క్రైస్తవ’ కొట్టేశాడు. కాసేపు ఆలోచించి ‘సోదరుని’ కూడా కొట్టేసి ‘విద్యార్థి’ అని పెట్టాడు. ఇంతలో వెంట వచ్చినతను చెవిలో ఏదో అన్నాడు. కొట్టినవాళ్ళలో ఇద్దరు తమ జెండా మోసే కుర్రాళ్ళేనట. ‘జాత్యహంకార’ పోయింది. దాంతోపాటే ‘నల్లజాతి’ పోయింది. ‘ఘాతుకం’ కాస్తా ‘విచారకరం’ అయింది. ‘కఠినంగా శిక్షించాలి’ ఉన్నచోట ‘అందరూ సంయమనం పాటించాలి’ వచ్చి కూర్చుంది.

ఆమె మళ్ళీ చదివింది. ‘విద్యార్థిపై దాడి విచారకరం, ఫుల్‌స్టాప్. అందరూ సంయమనం పాటించాలి, ఫుల్‌స్టాప్.’

‘ఏంటమ్మా, అలా చదివారు?’ అన్నాడాయన.

‘ఉన్నదే చదివాను సార్. ఎన్ని కాపీలు తీయమంటారు?’

ఆయన కారు వీధి మలుపు తిరిగేదాకా ఆపుకుని పగలబడి నవ్వాను. ‘చూశావా అక్కా, ఓట్ల లెక్క తేలేసరికి అన్నదమ్ముల బంధం తెగిపోయింది!’ అన్నాను. ఆమె నవ్వలేదు. కొట్టివేతలున్న కాగితాన్ని, తన పద్ధతి ప్రకారం, నాలుగు ముక్కలుగా చింపింది. ‘ఆయన లెక్క తెలిసింది. నీ లెక్క ఏంటి తమ్ముడూ?’ అంది. మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళిపోయాను.

బుధవారం మధ్యాహ్నం పాలకపక్షం ఆయన వచ్చాడు. సాయంత్రం నాలుగింటికి ప్రెస్ మీట్. ఆయన ఎటు మొగ్గుతాడో నాకు ముందే తెలుసు. రేపల్లెలో మున్సిపల్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. కొట్టినవాళ్ళ వీధి ప్రతిసారీ ఆయన చేతిలోంచి జారిపోయే వీధి. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, నేను చూసుకుంటానని మాట ఇచ్చి వచ్చాడు. షాపులో ఆ పూట టైలరు ఉన్నాడు, పెళ్ళికార్డు ప్రూఫు చూసుకుంటూ నందివెలుగు నుంచి వచ్చిన రైతు ఒకాయన ఉన్నాడు, నేనున్నాను, నాయకుడి వెంట నలుగురున్నారు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. ‘విదేశీ విద్యార్థులు మన సంస్కృతీ సంప్రదాయాలను గౌరవించాలి, ఫుల్‌స్టాప్. యువకులు ఆవేశపడిన మాట వాస్తవమే అయినా, కామా, సదరు ఆఫ్రికా దేశస్థుడు చిన్నారిని ఎత్తుకెళ్ళేందుకు ప్రయత్నించినట్లు స్థానికులు తెలిపారు, ఫుల్‌స్టాప్. అతనిపై చట్టపరమైన చర్యలు తీసుకోవాలని అధికారులను కోరుతున్నాం, ఫుల్‌స్టాప్.’

చదివి, కాగితం బల్లమీద పెట్టింది. ‘ఏ స్థానికులు సార్? పేరు చెప్తే పక్కన వేస్తాను.’

వెంట వచ్చినవాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు. ‘ఆ నల్లోడి కోసం మీకెందుకమ్మా ఇంత బాధ?’

ఆమె వాడివైపు తిరిగింది. ‘ఏంటి బాబూ, నేను తెల్లగా కనపడుతున్నానా నీకు?’

టైలరు దారం తెంపడం ఆపేశాడు. వాడు తలొంచుకుని ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు. నాయకుడు మాత్రం నెమ్మదిగానే మాట్లాడాడు. ఆయన పెద్దమనిషి తరహా. ‘చూడమ్మా, నేను కొత్తగా చెప్పిందేం లేదు. పేపర్లో వచ్చిందే చెప్తున్నా. రాసినతను ఇదిగో, మీ పక్కనే ఉన్నాడు. ఏమయ్యా, రాశావా లేదా?’

‘రాశానండి,’ అన్నాను.

‘ఇంకేంటి మరి? అచ్చు తీసేయండి.’

ఆమె తీయలేదు. నావైపు చూసి మాట్లాడనూ లేదు. నన్ను పట్టిస్తే పట్టించవచ్చు. రేపల్లె వెళ్ళొచ్చిన మనిషి, బావమరిది సంగతి వినకుండా ఉంటుందా? కానీ ఒకరి మాట ఇంకొకరికి చేరేయడం ఆమె వల్ల కాదు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆ ఒక్క వాక్యాన్ని ఇంకోసారి చదివింది. గుడిలో చదివినట్టే, తొందర లేకుండా, ‘చిన్నారిని ఎత్తుకెళ్ళేందుకు ప్రయత్నించినట్లు స్థానికులు తెలిపారు’ అని చదివి, ‘ఫుల్‌స్టాప్’ అంది.

నేను రాసిన వాక్యం ఆమె గొంతులో వినడం అదే మొదటిసారి. అంతదాకా ఇతరుల మాటలు అలా చదువుతుంటే పక్కన కూర్చుని ముసిముసిగా నవ్వినవాణ్ణి. నాకు చెవులు కాలిపోయాయి. సిగ్గేసింది. నిజంగా, ఒళ్ళంతా సిగ్గేసింది.

‘స్థానికులంటూ ఎవరూ లేరండి,’ అన్నాను. ‘మా బావమరిది ఒక్కడే ఫోన్లో చెప్పాడు. కొట్టినవాళ్ళలో వాడూ ఉన్నాడు. నేను ఎవర్నీ అడక్కుండా రాసేశాను.’

నాయకుడు నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత తన మనుషులవైపు తిరిగి అడిగిన మొదటి ప్రశ్న, ‘ఈ సంగతి అవతలివాళ్ళకి తెలుసా?’ అని. తెలియదన్నారు. తెలిస్తే? కొట్టినవాడి మాట పట్టుకుని ప్రెస్ మీట్ పెట్టాడని రేపు ఊరంతా నవ్వుతుంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేశాడు. చట్టపరమైన చర్యలు కూడా కొట్టేశాడు. ‘విదేశీ విద్యార్థులు మన అతిథులు అని ఒక ముక్క పెట్టండమ్మా’ అన్నాడు. ఆమె పెట్టింది. చదివి వినిపించి, కాపీలు తీసి ఇచ్చింది. కిడ్నాప్ కేసు మాట అక్కడితో పోయింది. పెద్దాయనే వెనక్కి తగ్గాక వీధిలోవాళ్ళు ముందుకెళ్ళలేదు.

‘ఆయనేం మంచి బుద్ధితో కొట్టేయలేదు కదక్కా’ అన్నాను, వాళ్ళు వెళ్ళాక. తేలిగ్గా ఉంది మనసు. మెచ్చుకుంటుందేమోనని ఆశ కూడా ఉంది.

‘ఏ బుద్ధితో కొట్టేస్తేనేం, మాట పోయిందా లేదా? ఆయన బుద్ధి ఆయన దేవుడు చూసుకుంటాడు.’ కంప్యూటరు కట్టేసి తాళంచెవి తీసుకుంది. ‘పద, బాపట్ల పోదాం.’

‘ఎందుకు?’

‘ఇక్కడ ఒప్పుకుంటే సరిపోయిందా? రాసింది ఈ షాపు మీద కాదు కదా.’

ఇద్దరం రైలెక్కాం. నిడుబ్రోలు దాటాక బ్యాగులోంచి జీడిపప్పు బద్దల పొట్లం తీసి నాకిచ్చింది. తినబుద్ధి కాక జేబులో పెట్టుకున్నాను.

ఆ కుర్రాడు హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతికి కట్టు, పెదవి చిట్లి ఉంది, ఒక కన్ను పూర్తిగా తెరుచుకోలేదు. రేపల్లె క్లాస్‌మేట్ పక్కనే ఉన్నాడు. మూడేళ్ళుగా ఇక్కడ ఉన్నందువల్ల కుర్రాడికి కాస్త తెలుగు వచ్చు, రానిచోట స్నేహితుడు అందుకున్నాడు. నేను నిలబడే చెప్పాను. పేపర్లో అలా రాసింది నేనేనని, చూడకుండా రాశానని, కొట్టినవాళ్ళలో ఒకడు మా ఆవిడ తమ్ముడని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

అతను కట్టున్న చేతిని ఒళ్ళోకి జరుపుకున్నాడు. తర్వాత, ‘అన్నా, చిన్న పాప... బస్సు దగ్గర... పాప ఓకేనా?’ అని అడిగాడు.

ఆ పిల్ల ఎలా ఉందో నేను అడగలేదు. నాలుగు రోజులుగా ఆ పిల్ల పేరు మీద నేను వార్త రాశాను, ఇద్దరు నాయకులు ప్రకటనలు తయారుచేసుకున్నారు. పిల్లకి దెబ్బ తగిలిందా అన్న ప్రశ్న మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

‘బాగుంది నాయనా’ అని ఆమె అంది. ‘మోకాలు గీరుకుంది, అంతే. వాళ్ళ నాయనమ్మ నిన్ను తలుచుకుని ఏడుస్తోంది. నీకు నయమయ్యాక చేపల కూర చేసి పెడతానంది.’

అతను నవ్వబోయి, పెదవి నొప్పెట్టి, చేత్తో పట్టుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నాతో ఒక్క మాటే అంది. ‘తప్పు రాశానని చెప్పావు. ఒప్పు ఎప్పుడు రాస్తావు?’

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆ కుర్రాడు ఆ ఏడే పరీక్షలు రాసి, పట్టా తీసుకుని వాళ్ళ దేశం వెళ్ళాడు. ఆమె పోయిందని తెలిసి మొన్న ఫోన్ చేసి తెలుగులోనే ఏడ్చాడు. నా విలేకరి పని మూడు నెలలకి పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె రెండో కంప్యూటరు ముందు నాకు చోటిచ్చింది. ఎనిమిదేళ్ళు ఆమె పక్కన కూర్చుని టైపు చేశాను. జేబులో ప్రెస్ కార్డు పెట్టుకుని తిరిగిన రోజుల్లో కూడా నాకు అంత గౌరవం అనిపించలేదు. ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే, ఆమె దగ్గర పని చేస్తున్నానని చెప్పడానికి నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ అంతే.

బాపట్ల నుంచి వచ్చిన మర్నాడు, గురువారం పొద్దున్నే రేపల్లె వెళ్ళాను. ఎప్పుడో చేయాల్సిన పని. బస్సు డ్రైవరుని కలిశాను, టీకొట్టాయన్ని కలిశాను, చేపలావిడ దగ్గర రోడ్డుమీదే కూర్చున్నాను. పిల్ల నా చెప్పులతో ఆడుకుంది. అందరూ పేర్లతోసహా చెప్పారు. అడిగితే చెప్పేవాళ్ళే, అడిగినవాడు లేడు. ఎదురుగా సెల్‌ఫోన్ల షాపులోంచి మా బావమరిది నన్ను చూస్తూనే ఉన్నాడు, బయటికి రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వాడి ఫోన్ వచ్చేసింది. మా ఆవిడ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. ‘తప్పు చేశాడు, కాదన్ను. కానీ పేపర్లో మా ఇంటి పేరు ఎక్కితే నేను మళ్ళీ మా అమ్మ గడప తొక్కగలనా? నలుగురి పేర్లు రాయండి, వాణ్ణి ఒక్కణ్ణీ వదిలేయండి. ఎవరికి తెలుస్తుంది?’ అంది. మా ఆవిడ ఏడుస్తూ అడిగి ఉంటే తట్టుకునేవాణ్ణి. మామూలుగా, పెరుగు వడ్డిస్తూ అడిగింది. తను అడిగినదాంట్లో తప్పేమీ కనిపించలేదు. చెయ్యి కడుక్కుని షాపుకి వచ్చాను.

షాపు నిండా జనం. ఆ సాయంత్రం ఏదో కాలేజీ వాళ్ళ సర్టిఫికెట్లు, రెండు పెళ్ళికార్డులు, టైలరు ఎప్పటిలాగే. నన్ను చూసి ఆమె చేస్తున్న పని ఆపి కొత్త పేజీ తెరిచింది. ‘చెప్పు, నేను టైపు కొడతాను’ అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. బస్సు సంగతి, పిల్ల సంగతి, చేపలావిడ మాట, డ్రైవరు మాట. చెప్పినవాళ్ళ పేర్లు వెంటవెంటనే చెప్పాను. సోమవారం ఇదే పత్రికలో వచ్చిన వార్త తప్పని, రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆమె వేళ్ళు ఆగలేదు. కొట్టినవాళ్ళ దగ్గరికి వచ్చాం. ఒక పేరు చెప్పాను. రెండోది, మూడోది, నాలుగోది. అక్కడ ఆగాను.

కీబోర్డు చప్పుడు ఆగిపోయేసరికి జనం ఇటు తిరిగారు. ఆమె తెరవైపే చూస్తోంది. ఇంకొకడు లేడా అని అడగలేదు. తొందరపెట్టలేదు. చేతులు కీల మీద అలాగే ఉంచి కూర్చుంది. మా ఆవిడ ముఖం కళ్ళముందు కదిలింది. పెరుగు గిన్నె, తను నెమ్మదిగా అడిగిన మాట. ఆ వెంటనే కట్టు కట్టిన చెయ్యి, పాప ఓకేనా అన్న మాట.

బావమరిది పేరు చెప్పాను.

ఆమె ఆ పేరు కొట్టింది. కొట్టి, నావైపు తిరిగి, కళ్ళజోడు పైనుంచి చూసింది. ఆ చూపులో జాలి ఉంది, నేనెరిగినంతలో మొదటిసారి. కానీ గొంతు మాత్రం ఎప్పటి గొంతే.

‘మిగతా నలుగురికీ ఇంటిపేర్లు చెప్పావు తమ్ముడూ. ఇతనిది కూడా చెప్పు.’

చెప్పాను. షాపులో ఉన్నవాళ్ళందరికీ వినపడేట్టు చెప్పాను.